యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) ప్రసిద్ధ భారతీయ వైద్య శాస్త్రజ్ఞుడు, జీవరసాయన శాస్త్రవేత్త. తెలుగువాడు. జీవితంలో రెండవ సగమంతా అమెరికాలో పరిశోధనలోనే గడిపాడు. జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి., ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాలను కనుగొనడంలోను, ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే ఆంటీబయాటిక్ వెలువడిన పరిశోధనలలోను ఆయనది ముఖ్యమైన పాత్ర. బాక్టీరియా, బూజులు, నాచు మొక్కలు వంటి చిన్న జీవులను తొట్లలో పెంచి మందులు తీసే పద్ధతిని నేడు జీవసాంకేతిక శాస్త్రం అంటున్నారు. ఆ పేరు వాడుకలో స్థిరపడక ముందే ఆ పనిని ఒక పెద్ద ప్రయోగశాలలో నడిపించినవారిలో సుబ్బారావు ఒకడు. అయితే ఆ మందులు వాడేవారిలో ఆయన పేరు తెలిసినవారు తక్కువ.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు ప్రస్తుత పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో పనిచేసేవాడు. అనారోగ్యం వలన ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావడంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. సుబ్బారావు చదువు రాజమండ్రిలో మొదలైంది. చిన్నతనంలో ఆయనకు చదువుపై శ్రద్ధ తక్కువ. పదమూడేళ్ళ ప్రాయంలో, కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి పట్టుదలతో మళ్ళీ బడిలో చేరాడు. మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు.

తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. ఈ కాలంలో రామకృష్ణ మఠం వైపు ఆకర్షితుడై సన్యసించాలని తలపోశాడు. తల్లి అంగీకరించలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. శేషగిరితో వివాహమయింది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆయన చదువుకు సాయం చేశాడు.

అప్పుడు దేశంలో గాంధీజీ పిలుపుతో విదేశీ వస్త్ర బహిష్కరణ సాగుతోంది. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతిలో ఖద్దరు కోటు ధరించాడు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి నచ్చలేదు. పరీక్షలు బాగా వ్రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, తక్కువ స్థాయి గల ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో చేరాడు.

స్ప్రూ వ్యాధి

సుబ్బారావు జీవితపు దారిని మార్చినది స్ప్రూ అనే వ్యాధి. ఇది ఉష్ణమండల దేశాలలో కనిపించే పేగుల జబ్బు. తిన్న ఆహారంలోని పోషకాలు ఒంటబట్టవు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించి మనిషి చిక్కిపోతాడు. ఈ వ్యాధితో ఆయన సోదరులు ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాతో మరణించారు. సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకింది. లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నాడు. వైద్యం చదివినవాడై ఉండి కూడా అన్నదమ్ములకు ఇవ్వదగిన మందు ఏదీ తెలియకపోవడం ఆయనను బాధించింది. రోగుల్ని చూడడం కంటే రోగాలకు మందు వెదకడమే తన పని అని నిర్ణయించుకున్నాడు.

అమెరికా ప్రయాణం

మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సహాయంతోను ఆయన 1920ల తొలి సంవత్సరాలలో బోస్టన్ చేరుకున్నాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు. ఎల్.ఎం.ఎస్. పట్టాతో అక్కడ వైద్యవృత్తి చేయడానికి వీలులేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనివానిగా చేరి, పగలు చదువుకున్నాడు. భార్య శేషగిరి భారతదేశంలోనే ఉండిపోయింది. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. మూడేళ్ళలో తిరిగివస్తానని వెళ్ళిన సుబ్బారావు మళ్ళీ స్వదేశానికి రాలేదు. ఆ దంపతులు తిరిగి కలుసుకోలేదు.

హార్వర్డ్‌లో పరిశోధనలు

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలోని జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద చేరాడు. అక్కడ ఆయనకు అప్పగించిన పని రక్తంలోను, మూత్రంలోను, కణజాలంలోను ఉండే భాస్వరం (ఫాస్ఫరస్) పరిమాణాన్ని కొలిచే సులువైన పద్ధతి కనుగొనడం. 1925లో ప్రచురితమైన ఆ పద్ధతిని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. పరీక్షించవలసిన ద్రవానికి ఆమ్లం, మాలిబ్డేట్ లవణం కలిపి, తరువాత క్షయకరణ పదార్థం చేరిస్తే ద్రవం నీలిరంగుకు మారుతుంది. రంగు ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువగా ఉన్నట్లు. జీవరసాయన ప్రయోగశాలలలో ఈ పద్ధతి ఎన్నో దశాబ్దాలు వాడుకలో ఉంది.

ఈ కొలత చేతికి రావడంతో కండరాలలో అంతవరకు ఎవరి దృష్టికీ రాని ఒక పదార్థం బయటపడింది. విశ్రాంతిగా ఉన్న కండరంలో సులభంగా విడిపోయే భాస్వర సమ్మేళనం ఒకటి ఉందని, కండరం పనిచేసినప్పుడు అది తగ్గి, విశ్రాంతి దొరకగానే మళ్ళీ పెరుగుతోందని ఫిస్క్, సుబ్బారావు గమనించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఈ విషయాన్ని 1927లో ప్రకటించారు. అదే సమయంలో ఇంగ్లాండులో ఎగల్టన్ దంపతులు కూడా ఈ పదార్థపు జాడ కనిపెట్టారు. కండరాల సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న భావన అప్పట్లో బలంగా ఉండేది. ఆ విషయంలో పరిశోధించిన ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడడంతో ఆ భావనను సవరించుకోవలసి వచ్చింది.

1929లో ఫిస్క్, సుబ్బారావు కండరం నుండి ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఎ.టి.పి.) ను వేరుచేసినట్లు ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం విడిగా దీనిని కనుగొన్నాడు. బాక్టీరియా మొదలు నాచు మొక్క వరకు, చెట్టు మొదలు మనిషి వరకు అన్ని జీవకణాలలోను శక్తి మారకానికి ఉపయోగపడే పదార్థం ఇదేనని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పిహెచ్.డి. పట్టా లభించింది. ఇంత పని చేసినా ఆయనకు అక్కడ శాశ్వత ఆచార్య పదవి మాత్రం దక్కలేదు.

లెడర్లీ ప్రయోగశాల

1940లో సుబ్బారావు హార్వర్డ్ విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఇది అమెరికన్ సయనమిడ్ సంస్థకు చెందిన మందుల కంపెనీ. కొద్దికాలంలోనే ఆయన అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. హార్వర్డ్‌లో ఇద్దరు ముగ్గురు చేసే పనిని ఇక్కడ రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వృక్ష శాస్త్రజ్ఞులు, వైద్యులు కలిసి చేసేవారు. ఏ పదార్థాన్ని వెదకాలి, ఏ జీవి నుండి తీయాలి, ఏ వైద్యునికి పరీక్షకు పంపాలి అన్నవి ఆయన నిర్ణయించేవాడు. తరువాతి ఎనిమిదేళ్ళలో వెలువడిన మందులన్నీ ఈ పద్ధతిలో వచ్చినవే.

ఫోలిక్ ఆమ్లం

1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో నేతమిల్లుల స్త్రీలలో గర్భిణులకు వచ్చే ఒక రకపు రక్తహీనతను పరిశీలించి, అది ఈస్టు సారంతో నయమవుతుందని తెలిపింది. ఈస్టులోను, కాలేయంలోను ఉన్న ఆ గుణకారి పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి ఈ పదార్థాన్ని అతి స్వల్పంగా రాబట్టారు. ఆకు అనే అర్థం గల లాటిన్ పదం నుండి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు.

ఇంత తక్కువగా దొరికే పదార్థంతో రోగులకు చికిత్స చేయడం సాధ్యం కాదు. లెడర్లీ బృందం ఈ సమస్యను సూక్ష్మజీవుల సాయంతో ఎదుర్కొన్నది. లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా ఫోలిక్ ఆమ్లం లేనిదే పెరగదు. అందువలన ఒక ద్రవంలో ఆ బాక్టీరియా ఎంత పెరిగితే ఆ ద్రవంలో ఫోలిక్ ఆమ్లం అంత ఉన్నట్లు గుర్తు. ఈ విధంగా బాక్టీరియానే కొలబద్దగా వాడి, కాలేయం నుండి శుద్ధమైన పదార్థాన్ని 1943లో వేరుచేశారు. మరొక బాక్టీరియాను పెంచిన కిణ్వన ద్రవంలో ఇటువంటిదే మరొక రూపం దొరికింది. ఈ రెండింటినీ పోల్చి చూడడం వలన దాని నిర్మాణం తెలిసింది. 1945లో కృత్రిమంగా తయారుచేయడం సాధ్యమైంది. రాబర్ట్ ఆంజియర్ మొదటి పేరుగా వెలువడిన ఆ పరిశోధన వ్యాసంలో రచయితల పేర్లు పదికి మించి ఉన్నాయి. వాటిలో సుబ్బారావు పేరు కూడా ఒకటి.

టామ్ స్పైస్ అనే వైద్యుడు ఈ మందును రక్తహీనత రోగులకు, తరువాత స్ప్రూ రోగులకు ఇచ్చి మంచి ఫలితాలు పొందాడు. ఏ వ్యాధితో సోదరులు మరణించారో ఆ వ్యాధికి పనిచేసే మందు సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుండే వచ్చింది. అయితే ఆయన ఎంతోకాలంగా వెదకుతున్న పెర్నీషియస్ రక్తహీనతకు సరైన మందు ఇది కాదని తేలింది. ఫోలిక్ ఆమ్లం ఆ రోగుల రక్తాన్ని మెరుగుపరచినా నరాల క్షీణతను ఆపలేకపోయింది. దానికి కావలసిన బి12 విటమిన్‌ను 1948లో ఇతర కంపెనీల శాస్త్రజ్ఞులు వేరుచేశారు.

భారతదేశంలో 1970 నుండి గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలను ప్రభుత్వం పంపిణీ చేస్తున్నది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రులకు, చుట్టుపక్కల పల్లెల ఆరోగ్య కేంద్రాలకు వచ్చే గర్భిణులకు ఇచ్చే మాత్రలు ఇవే. ఒక్కొక్క మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు, అనగా అర మిల్లీగ్రాము మాత్రమే. 1941లో టన్నులకొద్దీ ఆకుకూర నుండి కష్టపడి తీసిన పదార్థం నేడు ప్రతి పల్లెకూ చేరుతున్నది.

క్యాన్సరు మందు

బోస్టన్ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా (రక్త క్యాన్సరు) సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి రూపాలను ఇచ్చి చూశాడు. ఫలితం ఎదురుతిరిగింది. వ్యాధి తగ్గలేదు సరికదా, క్యాన్సరు కణాలు ఇంకా వేగంగా పెరుగుతున్నట్లు అనిపించింది. దీనిని బట్టి ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థమైతే ఆ కణాల పెరుగుదల ఆగవచ్చునని తోచింది. ఫోలిక్ ఆమ్లపు అణువులో చిన్న మార్పులు చేసి అటువంటి విరోధి పదార్థాలను లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. డోరిస్ సీగర్, ఆమె సహచరులు 1947లో ప్రకటించిన ఎమినోటెరిన్ వాటిలో ముఖ్యమైనది.

1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలను ప్రచురించాడు. ఎమినోటెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ఉపశమనం తాత్కాలికమే, వ్యాధి తిరిగి వచ్చింది. అయినా లుకేమియాను మందుతో వెనక్కు తగ్గించవచ్చునని తేలడం అదే మొదలు. తరువాత వాడుకలోకి వచ్చిన మెథోట్రెక్సేట్ దీనికంటే సురక్షితమైన రూపం. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఈ మందుతో గర్భాశయంలో వచ్చే కోరియోకార్సినోమా అనే క్యాన్సరును అదుపు చేశారు. లుకేమియాలోను, కీళ్ళవాతంలోను నేటికీ దీనిని వాడుతున్నారు.

బోదకాలు మందు, ఆరియోమైసిన్

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దానికి మందు కోసం లెడర్లీలో అనేక రసాయనాలను పరీక్షించి 1947లో హెట్రజాన్ (డైఇథైల్ కార్బమజైన్) ను ప్రకటించారు. కోస్తా జిల్లాలలో తరతరాలుగా ఉన్న బోదకాలు వ్యాధి నివారణకు భారతదేశంలో 2004 నుండి జరిగిన సామూహిక మందుల పంపిణీలో వాడినది ఈ మందే.

సుబ్బారావు కాలంలో లెడర్లీలో మట్టిలోని సూక్ష్మజీవుల నుండి ఆంటీబయాటిక్ మందులు వెదికే పని పెద్ద ఎత్తున సాగింది. ఈ పనికి నియమితుడైన బెంజమిన్ డగ్గర్ విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసిన వృక్ష శాస్త్రజ్ఞుడు, వయసు డెబ్బై దాటినవాడు. అనేక చోట్ల నుండి తెప్పించిన మట్టి నమూనాలలోని జీవులను పెంచి, అవి రోగకారక బాక్టీరియాను చంపుతున్నాయో లేదో పరీక్షించారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు వ్యవసాయ క్షేత్రం నుండి 1945లో వచ్చిన మట్టిలో బంగారు రంగు పదార్థాన్ని స్రవించే జీవి ఒకటి దొరికింది. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియెన్స్ అని, అది ఇచ్చే మందుకు ఆరియోమైసిన్ అని పేరుపెట్టారు. పెన్సిలిన్‌కు లొంగని అనేక రకాల బాక్టీరియాపై ఇది పనిచేసింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదే మొదటిది. 1948 జులైలో దీనిని వైద్యలోకానికి పరిచయం చేశారు. ప్రకటన డగ్గర్ పేరుతో వెలువడింది.

మరణం

ఆరియోమైసిన్ వెలుగుచూసిన కొద్ది వారాలకే, 1948 ఆగష్టులో, సుబ్బారావు గుండెపోటుతో నిద్రలోనే మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. భారతీయులు అమెరికా పౌరసత్వం పొందడానికి వీలుకల్పించే చట్టం 1946లో వచ్చినా ఆయన ఆ పౌరసత్వం తీసుకోలేదు.

మరణానంతరం

సుబ్బారావు ప్రారంభించిన పనులు ఆయన ఊహించని దారులలో కూడా కొనసాగాయి. 1978లో రాబర్ట్ షిమ్కే, అతని సహచరులు మెథోట్రెక్సేట్‌కు లొంగని జంతుకణాలను పరిశీలించి, అవి ఒక జన్యువు ప్రతులను అనేక రెట్లు పెంచుకుని ఆ మందును తట్టుకుంటున్నాయని తెలిపారు. కోరిన జన్యువును దానికి జోడిస్తే ఆ జన్యువు ప్రతులు కూడా పెరిగి, అది తయారుచేసే ప్రోటీను ఎక్కువగా దొరుకుతుంది. చైనా హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు కణాలలో మనిషి ప్రోటీన్ మందులు తయారుచేయడానికి ఈ ఉపాయం ఎంతో ఉపయోగపడింది. గుండెపోటు వచ్చినవారికి రక్తపు గడ్డను కరిగించడానికి ఇచ్చే టి.పి.ఎ. మందు ఈ విధంగా తయారైనదే. దీనికి అమెరికాలో 1987లో అనుమతి లభించింది.

జంతుకణాలను పెంచడం ఖర్చుతో కూడిన పని. అందువలన శాస్త్రజ్ఞులు ఇతర జీవులను కూడా పరీక్షిస్తున్నారు. వాటిలో నాచు మొక్కలు ఒకటి. పాఠ్యపుస్తకాలలో కనిపించే ఫ్యునేరియాకు దగ్గరి బంధువైన ఫిస్కోమిట్రెల్లా పేటెన్స్ అనే నాచు మొక్కలో కోరిన చోట జన్యువును మార్చడం సులభమని 1990లలో తెలిసింది. 2008లో దాని జన్యుపటం వెలువడింది. ఇది నీరు, ఖనిజ లవణాలు, వెలుతురు ఉంటే గాజు తొట్లలో పెరుగుతుంది. ఫాబ్రీ అనే వంశపారంపర్య వ్యాధికి కావలసిన ఎంజైమును ఈ నాచులో తయారుచేసి, 2010ల దశకంలో మనుషులపై తొలిదశ పరీక్ష జరిపారు. కిణ్వన ద్రవంలోను, మట్టిలోని జీవులలోను మందులు వెదికిన లెడర్లీ కాలపు ఆలోచనకు ఇది కొనసాగింపు అని చెప్పవచ్చు.

గుర్తింపు

సుబ్బారావు తన పేరు ముందు పెట్టుకోవాలని ప్రయత్నించినవాడు కాదు. లెడర్లీ కనుగొన్న వాటిలో చాలావాటికి మొదటి రచయితలు ఆయన సహచరులు. ఒంటరిగా ఒక్క మందు కనుగొన్నవాని పేరు సులభంగా గుర్తుంటుంది. ఎవరు ఏ పని చేయాలో నిర్ణయించి, వారి పనులను కలిపి, ఫలితాన్ని రోగి వద్దకు చేర్చినవాని పేరు వ్యాసాల శీర్షికలలో కనిపించదు. ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. లెడర్లీలో పనిచేసిన హెసెల్టైన్ 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన స్మృత్యర్థం సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరుపెట్టాడు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.